ప్రభుత్వ వైద్యానికి విలువ కట్టే సంస్థలు
(స్మారకోపన్యాస పాఠం, సుబేదారి, హనుమకొండ)

ప్రభుత్వ ఆస్పత్రికి ఒక కొత్త యంత్రం, ఆరోగ్యశ్రీ జాబితాలోకి ఒక కొత్త శస్త్రచికిత్స, టీకాల కార్యక్రమంలోకి ఒక కొత్త టీకా రావాలంటే మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. పనిచేస్తుందా, హాని లేదా అన్నది మొదటిది. అది ఔషధ నియంత్రణ సంస్థ తేల్చాలి. ధర ఎంతకు మించకూడదన్నది రెండోది. అది జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ పని. ఇప్పుడు చేస్తున్న చికిత్స కంటే ఇది ఎంత మేలు, ఆ కాస్త మేలుకు ఎంత ఎక్కువ ఖర్చవుతుంది, అదే సొమ్ము మరోచోట పెడితే ఇంకెందరు బతికేవారు అన్నది మూడోది. ఈ మూడోదానికి పద్ధతిగా, ఆధారాలతో, అందరికీ కనిపించేలా జవాబు వెతకడాన్ని ఆరోగ్య సాంకేతికతల మూల్యాంకనం అంటారు. సాంకేతికత అంటే ఇక్కడ యంత్రాలొక్కటే కాదు. మందు, టీకా, పరీక్ష, ఆపరేషన్, స్క్రీనింగ్ కార్యక్రమం, డయాలసిస్ కేంద్రాన్ని ఏ ఊళ్ళో పెట్టాలన్న నిర్ణయం కూడా అందులోకే వస్తాయి.

మూడు ప్రశ్నలూ ఒకటి కాదనడానికి గుండెలో వేసే స్టెంటు చాలు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూత ఉన్నదానికి 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. కొన్ని రకాల ధర 85 శాతం దాకా పడిపోయింది. అంతకు రెండు దశాబ్దాల ముందే హైదరాబాదులో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ఖర్చు స్టెంటును తయారుచేసి చూపించారు. ధర తగ్గడం రోగికి పెద్ద ఊరటే. అయితే ఏ రోగికి స్టెంటు తప్పనిసరి, ఎవరికి మందులతోనే సరిపోతుంది అన్న సంగతి ధరల ఉత్తర్వు చెప్పదు. అక్కర్లేనివాడికి వేసిన చవక స్టెంటు కూడా దండగ ఖర్చే.

తెలుగు నేల మీద ఈ మూడో ప్రశ్న ఆరోగ్యశ్రీతో గట్టిగా ముందుకొచ్చింది. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఈ పథకం తొలి జాబితాలో 163 చికిత్సలుండేవి. 2008 నాటికి అవి తొమ్మిది వందలు దాటాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న కుటుంబానికిచ్చే పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. 2024లో మరో 163 చికిత్సలు చేర్చడంతో జాబితా 1,835కు చేరింది. అంటే 1,835 చోట్ల ప్రభుత్వం ‘ఇది కొంటాం, ఈ ధరకు కొంటాం’ అని మాటిచ్చింది. ఇంత పెద్ద కొనుగోలుదారు రాష్ట్రంలో ఇంకొకరు లేరు. చేర్చినవి ఏ లెక్కన చేర్చారు, పక్కన పెట్టినవి ఏ లెక్కన పెట్టారు అన్నది మామూలు పాఠకుడు చదివి తెలుసుకునే రూపంలో లేదు. నిపుణుల కమిటీలు కూర్చుంటాయి, ఆస్పత్రుల సంఘాలు వినతిపత్రాలిస్తాయి, ఫైలు నడుస్తుంది, జీవో వస్తుంది. ఆ కమిటీల్లోని వైద్యుల నైపుణ్యాన్ని శంకించనక్కర్లేదు. కానీ గుండె సర్జన్‌కు గుండె ఆపరేషన్ సంగతే తెలుస్తుంది. దాన్ని మూత్రపిండాల చికిత్సతోనూ, పురిటి గదిలో పెట్టే ఖర్చుతోనూ తూచే పని ఆయన చదువులో భాగం కాదు.

తూచేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో గర్భసంచి ఆపరేషన్లు చూపించాయి. ఆరోగ్యశ్రీ కంటే ముందునుంచే తెలంగాణ పల్లెల్లో ముప్పై ఏళ్ళు, నలభై ఏళ్ళు నిండని ఆడవాళ్ళకు గర్భసంచి తీసేయడం మామూలైపోయింది. డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లాలో ఊరూరూ తిరిగి చేసిన అధ్యయనం ఈ సంగతిని బయటపెట్టింది. తెల్లబట్ట, నడుంనొప్పి వంటి, మందులతో పోయేవాటికి కూడా కత్తి పడింది. ఆ తర్వాత ఆ స్త్రీలకు హార్మోన్లు తగ్గి, ఎముకలు గుల్లబారి, కూలికి వెళ్ళలేని స్థితి వచ్చింది. పథకం జాబితాలో ప్యాకేజీగా చేరాక ఈ ఆపరేషన్లు మరింత పెరిగాయన్న విమర్శలు వచ్చాయి. చివరకు ప్రభుత్వం దీన్ని ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేసింది. 2011లో మొత్తం 133 చికిత్సలను అలా ప్రభుత్వ ఆస్పత్రులకు కేటాయించింది. నిర్ణయం మంచిదే. కాకపోతే చేరుస్తున్న రోజునే ‘ఏ వయసు, ఏ లక్షణం, ముందు ఏ మందు వాడి చూశారు’ అని అడిగే ఏర్పాటు ఉంటే కొన్ని వేల శరీరాలు ఆ దిద్దుబాటుకు మూల్యం చెల్లించేవి కావు.

వరంగల్‌కు ఆనుకునే ఉన్న ఉమ్మడి ఖమ్మం జిల్లా అనుభవం ఇంకా లోతైనది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీన్ని ప్రదర్శనా ప్రాజెక్టుగా చేపట్టాయి. సుమారు 14,000 మంది పిల్లలు టీకా వేయించుకున్నారు. వారిలో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపేసింది. విచారణ సంఘం ఆ మరణాలకు టీకాకు సంబంధం ఉన్నట్టు తేల్చలేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేసిన సంగతి, టీకా తర్వాత పిల్లలకేమైందో వెంటపడి నమోదు చేసే ఏర్పాటు బలహీనంగా ఉన్న సంగతి బయటపడ్డాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆ ప్రాజెక్టును తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ ఉదంతాన్ని టీకాకు వ్యతిరేకంగా వాడుకున్నవాళ్ళున్నారు, అది సరికాదు. టీకా పనితనం మీద ప్రపంచమంతటా బలమైన ఆధారాలున్నాయి. ఖమ్మంలో లోపించింది టీకాలో మందు కాదు, దాన్ని పరీక్షించి ప్రవేశపెట్టే సంస్థలో దమ్ము. సమ్మతి ఎలా తీసుకోవాలి, ఎవరి డబ్బుతో ఎవరు అధ్యయనం చేస్తున్నారు, దుష్ఫలితాన్ని ఎవరు నమోదు చేయాలి, ఎవరికి చెప్పాలి అన్నవి ముందే స్థిరపడి ఉండాల్సిన సంగతులు. అవి లేనందువల్ల మంచి టీకా మీద పడిన అపనమ్మకం దేశంలో దాని రాకను ఏళ్ళ తరబడి వెనక్కి నెట్టింది. మూల్యాంకనమంటే ఖర్చుల లెక్క మాత్రమే అనుకునేవారు ఖమ్మాన్ని గుర్తుంచుకోవాలి.

2014 మేలో ప్రపంచ ఆరోగ్య సభ, సార్వత్రిక వైద్యం వైపు నడిచే ప్రతి దేశం మూల్యాంకన సామర్థ్యాన్ని పెంచుకోవాలని తీర్మానించింది. మన దేశంలో ఆరోగ్య పరిశోధన విభాగం కింద మొదట బోర్డుగా అనుకున్నది 2017లో ‘హెచ్‌టీఏ ఇన్’ పేరుతో రూపుదిద్దుకుంది. ఢిల్లీలో ఒక సచివాలయం, అధ్యయనాలను కాచి వడపోసే సాంకేతిక కమిటీ, పైన సిఫారసు చేసే బోర్డు, దేశమంతటా అధ్యయనాలు చేసే వనరుల కేంద్రాలు దాని అంగాలు. చండీగఢ్ పీజీఐ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ, చెన్నై క్షయ పరిశోధన సంస్థలతో పాటు హైదరాబాదులోని భారతీయ ప్రజారోగ్య సంస్థ, విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్‌లోని కలాం ఆరోగ్య సాంకేతిక సంస్థ ఈ కేంద్రాల్లో ఉన్నాయి. శుక్లాల ఆపరేషన్‌లో వేసే కటకాలు, మళ్ళీ వాడటానికి వీల్లేని సిరంజిలు మొదట్లో తీసుకున్న అంశాలు. రెండూ మంచి ఎంపికలే. లక్షల మందికి తగిలే, చిన్నగా కనిపించే వస్తువుల దగ్గర లెక్క తప్పితే నష్టం పెద్దది.

2018లో ఈ సంస్థ ఒక పద్ధతి పుస్తకం వెలువరించింది. దాని సారం సులువుగానే చెప్పవచ్చు. చికిత్స వల్ల పెరిగిన ఆయుష్షును, ఆ ఆయుష్షు ఎంత ఆరోగ్యంగా గడుస్తుందో దానితో గుణిస్తారు. సగం ఆరోగ్యంతో గడిచిన పదేళ్ళు అయిదు పూర్తి ఏళ్ళతో సమానం. రాబోయే కాలపు ఖర్చునీ మేలునీ ఏడాదికి 3 శాతం చొప్పున తగ్గించి చూస్తారు. అలా ఒక పూర్తి ఆరోగ్యవంతమైన ఏడాదిని సంపాదించడానికి పడే అదనపు ఖర్చును దేశ తలసరి ఆదాయంతో పోలుస్తారు. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన అనే అయిదింటిని అడిగి ఆరోగ్యానికి అంకె వేసే పట్టిక విదేశీయుల అభిప్రాయాల మీద కాక భారతీయుల అభిప్రాయాల మీదే 2022లో సిద్ధమైంది. చండీగఢ్ పీజీఐ ముందుండి నడిపిన వైద్యసేవల ఖర్చుల అధ్యయనం ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీ ధరల సవరణకు ఆధారమైంది. ఇవన్నీ గట్టి పునాదులు.

పునాది ఢిల్లీలో ఉంటే చాలదు. వైద్యం రాష్ట్రాల అంశం. డబ్బు చెల్లించేది ఆరోగ్యశ్రీ ట్రస్టు, వస్తువులు కొనేది రాష్ట్ర వైద్యసేవల, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ. ప్రశ్న పుట్టాల్సింది ఆ కార్యాలయాల్లోనే. దీన్ని దగ్గరగా చూడటానికి డయాలసిస్ మంచి ఉదాహరణ. తెలంగాణ ప్రభుత్వం తన కేంద్రాల్లో ఒకసారి వాడిన ఫిల్టర్‌ను పారేసే పద్ధతి అమలులోకి తెచ్చింది. అంతకుముందు ఒకే రోగికి అదే ఫిల్టర్‌ను కడిగి మళ్ళీ మళ్ళీ వాడేవారు. ఏది మేలు?

వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకునే రోగికి ఏడాదికి 104 సార్లు పడుతుంది. ప్రతిసారీ కొత్తదైతే 104 ఫిల్టర్లు కావాలి. ఒక్కోటి ఆరుసార్లు వాడతారనుకుంటే 18 చాలు. ఇక్కడే ఆగిపోతే కడిగి వాడటమే లాభమనిపిస్తుంది. కానీ కడగడానికి వేరే గది, శుద్ధి చేసిన నీరు, క్రిమిసంహారక ద్రావణం, దాని అవశేషం మిగలలేదని పరీక్షించే పట్టీలు, ఆ పని చేసే టెక్నీషియన్ గంటలు కావాలి. ఫిల్టర్ మీద పేరు చీటీ తారుమారైతే ఒకరిది ఇంకొకరికి వెళ్తుంది. అలాంటి కేంద్రంలో హెపటైటిస్ సి ఒకరి నుంచి ఒకరికి పాకితే దాని చికిత్స ఖర్చు కూడా ఈ లెక్కలోకే రావాలి. మరో పక్క, వాడి పారేసిన ఫిల్టర్లు వైద్య వ్యర్థాల బరువు పెంచుతాయి. ములుగు, భూపాలపల్లి ఏజెన్సీ గూడెం నుంచి వచ్చే రోగికయితే ఫిల్టర్ ఖరీదు కంటే బస్సు చార్జీ, వెంట వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి ఎక్కువ బరువు. ఏడాదికి 104 రానుపోను ప్రయాణాలను లెక్కలో వేస్తే, ఫిల్టర్ సంగతి పక్కకు జరిగి, ఇంకో మండల కేంద్రంలో నాలుగు యంత్రాలు పెట్టడమే అసలు ప్రశ్న అవుతుంది. ఇంటి దగ్గరే పొట్ట పొర ద్వారా చేసుకునే డయాలసిస్‌ను ఎందుకు పోల్చలేదన్న ప్రశ్న కూడా వస్తుంది. ఒక మంచి మూల్యాంకన బృందం ఇచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకోదు, ప్రశ్ననే సరిదిద్దుతుంది.

ఈ లెక్కకు కావలసిన వివరాల్లో చాలా భాగం ప్రభుత్వం దగ్గరే ఉంది. ప్రతి కేసుకూ ముందస్తు అనుమతి కోసం ఆస్పత్రి పంపిన పత్రాలు, ఆరోగ్యమిత్ర నమోదు చేసిన వివరాలు, డిశ్చార్జి సారాంశం, చెల్లించిన మొత్తం 2007 నుంచి ట్రస్టు కంప్యూటర్లలో పోగుపడుతున్నాయి. దేశంలో ఇంత పాత పథకపు వివరాలు అరుదు. ఆ వివరాలు బిల్లు చెల్లించడానికి పుట్టినవి. రోగి ఏడాది తర్వాత బతికి ఉన్నాడా, పనికి వెళ్తున్నాడా అన్నది వాటిలో ఉండదు. పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చే నియమం ఉంటే, కొద్దిమంది రోగులను ఫోన్‌లో పలకరించే ఏర్పాటు తోడైతే, అదే నిధి.

మనుషుల సంగతి మరీ విచిత్రం. బహుళజాతి మందుల కంపెనీలు హైదరాబాదులో నడిపే కేంద్రాల్లో తెలుగు యువతీయువకులు ఆరోగ్య ఆర్థిక నమూనాలు కడుతున్నారు. విదేశాల్లోని మూల్యాంకన సంస్థలకు కంపెనీలు సమర్పించే పత్రాల వెనక వారి శ్రమ ఉంటుంది. అమ్మేవాడి తరఫున లెక్క కట్టే నైపుణ్యం మాదాపూర్‌లో దండిగా ఉంది, కొనేవాడి తరఫున కూర్చునే కుర్చీయే ఖాళీ. ప్రభుత్వ రంగంలో ఈ పని ఎక్కువగా ప్రాజెక్టుల మీద, కాంట్రాక్టు ఉద్యోగాల మీద నడుస్తుంది. రెండేళ్ళు నేర్చుకున్న గణాంక నిపుణుడు మూడో ఏడు కంపెనీకి వెళ్ళిపోతే సంస్థ మళ్ళీ అ ఆల దగ్గర మొదలవుతుంది. శాశ్వత పోస్టులు, పదోన్నతి మెట్లు, వైద్య కళాశాల అధ్యాపకులతో సమానమైన హోదా లేకుండా వర్క్‌షాపులెన్ని పెట్టినా సామర్థ్యం నిలవదు. మూడురోజుల శిక్షణ తరగతులు పరిచయానికి పనికొస్తాయి తప్ప, ఈ విద్య అసలు ప్రశ్న మీద, అనుభవజ్ఞుల కనుసన్నల్లో, ఒక నివేదికను మొదటినుంచి చివరిదాకా రాస్తేనే పట్టుబడుతుంది.

థాయ్‌లాండ్ ఈ దారిలోనే నడిచింది. 2002లో అందరికీ వైద్య హామీ ఇచ్చాక అక్కడ 2007లో హైటాప్ అనే చిన్న పరిశోధన విభాగం ఆరోగ్య శాఖ అండన మొదలైంది. యువ ఫార్మసిస్టులను, వైద్యులను చేర్చుకుని, పైచదువులకు పంపి, తిరిగి వచ్చాక అసలు నిర్ణయాల మీద పనిచేయించింది. మూత్రపిండాలు పూర్తిగా చెడినవారికి డయాలసిస్ ఖర్చు లెక్క ప్రకారం గిట్టదని అక్కడి అధ్యయనాలు తేల్చాయి. అయినా ఇల్లు గుల్లయ్యే కుటుంబాలను ఆదుకోవాలని 2008లో ప్రభుత్వం దాన్ని చేర్చింది, పొట్ట పొర డయాలసిస్‌నే ముందు ఇవ్వాలన్న నియమంతో. 2022లో ఆ నియమాన్ని సడలించి ఎంపికను రోగికే వదిలింది. లెక్క ఒకటి చెప్పింది, సర్కారు మరొకటి చేసింది, కారణం బాహాటంగా చెప్పింది. అంకె తీర్పు కాదు, తీర్పుకు ఆధారం మాత్రమేనని గ్రహించిన సంస్థ మాత్రమే ఇలా ప్రవర్తించగలదు.

1999లో బ్రిటన్‌లో ఇదే పనికి ఏర్పడిన నైస్ సంస్థ మందుల కంపెనీలకు, పత్రికలకు, రోగుల సంఘాలకు ఎన్నోసార్లు కోపం తెప్పించినా నిలబడింది. ముసాయిదాను ముందే ప్రకటించడం, అభ్యంతరాలు తీసుకోవడం, అప్పీలుకు అవకాశమివ్వడం, కమిటీ సభ్యులకు ఏ కంపెనీతో ఏ సంబంధముందో రాయించి పెట్టడం దాని బలం. అమెరికా కథ దీనికి తలకిందులు. అక్కడి కాంగ్రెస్‌కు సలహా ఇవ్వడానికి 1972లో పుట్టిన సాంకేతిక మూల్యాంకన కార్యాలయాన్ని 1995లో మూసేశారు. అదే ఏడు, నడుంనొప్పికి చాలా సందర్భాల్లో ఆపరేషన్ అక్కర్లేదని మార్గదర్శకాలు వెలువరించిన మరో ప్రభుత్వ సంస్థ మీద వెన్నెముక సర్జన్లు మండిపడ్డారు. దాని ఉనికికే ముప్పు వచ్చింది, నిధులు కోతపడ్డాయి. తర్వాత అది మార్గదర్శకాల జోలికి వెళ్ళడం మానేసి, 1999లో పేరు మార్చుకుని బతికింది. ‘వద్దు’ అనే అధికారం చట్టంలో, బడ్జెట్‌లో లేని సంస్థకు ఎంత పాండిత్యమున్నా అంతే.

మన దగ్గర ఒక ప్రమాదం ప్రత్యేకం. విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో లాగా పరికరాల తయారీని ప్రోత్సహించే ఆవరణలోనే వాటిని తూచే బృందం కూడా ఉండటం ఇంజనీరింగు పరీక్షల వరకు సౌకర్యమే. విలువ కట్టే వేళకు మాత్రం ఆ రెండింటి మధ్య గోడ కనిపించాలి. గోడ ఉందా లేదా అన్నది మనుషుల నిజాయితీ మీద కాక, రాసిపెట్టిన నియమం మీద ఆధారపడాలి.

కొన్న తర్వాతి సంగతి కూడా మూల్యాంకనమే. 2015 ప్రాంతంలో జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల పరికరాలను లెక్కపెట్టారు. 29,115 ఆస్పత్రుల్లో 7,56,750 పరికరాలు, వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం పరికరాలు పనిచేయడం లేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, యంత్రానికి కోట్లు పెట్టి, నిర్వహణ ఒప్పందానికీ రీఏజెంట్లకూ ఆపరేటర్‌కూ డబ్బు చూసుకోలేదు. టెండరులో తక్కువ ధర చెప్పినవాడికే ఇవ్వాలన్న నియమం పదేళ్ళ ఖర్చును చూడదు. ఆ పదేళ్ళ లెక్కను టెండరు షరతుల్లోకి ఎక్కించగల ఇద్దరు ఇంజనీర్లు, ఒక ఆర్థికవేత్త కొనుగోలు సంస్థలో ఉంటే వారి జీతం ఒక్క స్కానర్ మీదే తిరిగి వస్తుంది.

రాష్ట్రానికి కావలసిన మూల్యాంకన విభాగం హైదరాబాదులోనే ఉండాలన్న నియమమేమీ లేదు. కాకతీయ వైద్య కళాశాల, తర్వాత ఎన్‌ఐటీ అయిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల రెండూ 1959లోనే వరంగల్‌లో మొదలయ్యాయి. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం, ఫార్మసీ ఉన్నాయి. దాని ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల, న్యాయ కళాశాల సుబేదారిలోనే ఉన్నాయి. రాష్ట్రంలోని దాదాపు అన్ని వైద్య కళాశాలలకూ పరీక్షలు పెట్టే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఈ నగరంలోనే ఉంది. ఏజెన్సీ గూడేల నుంచి పత్తి మండీ దాకా అన్ని రకాల రోగులనూ చూసే ఎంజీఎం ఆస్పత్రి ఉంది. ఇన్ని విద్యలు కొద్ది కిలోమీటర్ల లోపల ఉన్న ఊరు తెలుగునాట తక్కువ. లేనిదల్లా వీరందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే ఉత్తర్వు, పది మందికి శాశ్వత జీతం, ఆరోగ్యశ్రీ ట్రస్టు అడిగే ప్రశ్న. ఆరోగ్య విశ్వవిద్యాలయం సామాజిక వైద్యం పీజీ విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల్లో కొన్నింటిని ట్రస్టు ఇచ్చే అంశాలకు కేటాయించినా మొదటి మెట్టు పైసా ఖర్చు లేకుండా పడుతుంది.

అంతకంటే ముందు ప్రభుత్వం చేయగలిగినది ఇంకొకటుంది. దానికి నిపుణుల కోసం ఆగనక్కర్లేదు. ఆరోగ్యశ్రీ జాబితాను తర్వాతిసారి సవరించినప్పుడు చేర్చిన ప్రతి చికిత్స పక్కన ఎందుకు చేర్చారో, అడిగినా చేర్చనిదాని పక్కన ఎందుకు చేర్చలేదో, నిర్ణయించినవారికి ఏ ఆస్పత్రితో, ఏ కంపెనీతో సంబంధముందో తెలుగులో అచ్చు వేసి ప్రతి జిల్లా ఆస్పత్రి నోటీసు బోర్డు మీద పెట్టాలి.